కమాండ్ లైన్ నుంచి కంప్యూటర్‌తో తెలుగు చదివించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఎవరికి పనికొస్తుంది?

కమాండ్ లైన్ అంటే బటన్లు నొక్కే బదులు మాటలు టైప్ చేసి కంప్యూటర్‌కు పని చెప్పే చోటు. ఇది అందరికంటే ముందు చూపు లేనివాళ్లకు, చూపు తగ్గినవాళ్లకు. హైదరాబాద్‌లో చదువుకుంటున్న అలాంటి పిల్లలకు కావలసిన తెలుగు పుస్తకం ఆడియోగా దొరకడం ఇప్పటికీ కష్టమే. ఎవరో ఒకరు కూర్చుని చదివి రికార్డు చేసి ఇవ్వాలి. పరీక్షలు దగ్గరపడ్డాక చదివిపెట్టే మనిషి కోసం వెతుక్కోవడం ఎంత టెన్షనో వాళ్లకే తెలుసు. ఆ ఎదురుచూపు కొంతైనా తగ్గాలనే ఈ పేజీ రాస్తున్నాను.

అశోక్‌నగర్, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కు చదివేవాళ్లకూ ఇది ఉపయోగమే. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో నిలబడి నోట్సు తెరవడం కుదరదు గానీ వినడం కుదురుతుంది. మాదాపూర్ వైపు సాఫ్ట్‌వేర్ వాళ్లకు అవసరం వేరు: గంటసేపు నడిచే పని పూర్తవగానే కంప్యూటరే నోరు తెరిచి చెప్పాలి.

ఫోన్‌లో యాప్‌లు ఉండగా కమాండ్ లైన్ ఎందుకు?

ఒక పేజీ వినడానికి యాప్ చాలు. నలభై అధ్యాయాల పుస్తకాన్ని నలభై ఆడియో ఫైళ్లుగా చేయాలంటే, దానికి ముందు అంకెలు, పొడి అక్షరాలు సరిచేయాలంటే, రేపు పాఠం మారితే మళ్లీ అదంతా చేయాలంటే యాప్‌తో ఓపిక నశిస్తుంది. కమాండ్ ఒకసారి రాసుకుంటే రాత్రి పెట్టి పడుకోవచ్చు. ఇంకో కారణం నాకు ముఖ్యమైనది. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు మౌస్‌తో వెతుక్కునే బటన్లకంటే టైప్ చేసే కమాండ్ చాలాసార్లు సులువు. కమాండ్ అక్షరాల్లో ఉంటుంది, జవాబూ అక్షరాల్లోనే వస్తుంది.

కమాండ్లు తెలుగు అక్షరాల్లో ఉన్నాయేమిటి?

ఈ పేజీని తెలుగు గొంతుతో వినేవాళ్లు ఉంటారు కాబట్టి ప్రతి కమాండ్‌నూ పలికే తీరులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి. అడ్డగీత ఉన్నచోట హైఫన్, ఖాళీ ఉన్నచోట స్పేస్. ‘-వీ టీఈ’ అంటే హైఫన్, వీ అక్షరం, స్పేస్, టీ, ఈ అక్షరాలు. టీఈ అనేది తెలుగు భాషకు అంతర్జాతీయంగా ఉన్న రెండక్షరాల కోడ్. ఫైలు పేరు మాత్రం తెలుగులోనే పెట్టుకోవచ్చు, లినక్స్ దానికి అడ్డు చెప్పదు.

మొదట ఏది పెట్టుకోవాలి?

ఈస్పీక్ ఎన్‌జీ. ఇది రాతను చదివి వినిపించే ప్రోగ్రాం; దాని పేరు ఇంగ్లీషులో ఈ, ఎస్, పీ, ఈ, ఏ, కే, హైఫన్, ఎన్, జీ అని టైప్ చేయాలి. ఉచితం, చాలా చిన్నది, ఇంటర్నెట్ అక్కర్లేదు, పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. జోనథన్ డడ్డింగ్టన్ 1995లో ఎకార్న్ కంప్యూటర్ల కోసం రాసిన చిన్న ప్రోగ్రాం దీనికి మూలం. 2006లో అది ఈస్పీక్ అయింది. 2015 చివర్లో అందులోంచి ఎన్‌జీ శాఖ మొదలైంది. ఇప్పుడు వందకు పైగా భాషలు పలుకుతుంది, తెలుగు వాటిలో ఉంది. ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాల్లో ఇలా పెట్టుకోవాలి:

సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఈస్పీక్-ఎన్‌జీ

తర్వాత కొటేషన్ గుర్తుల మధ్య ఏదో ఒక వాక్యం ఇచ్చి వినండి:

ఈస్పీక్-ఎన్‌జీ -వీ టీఈ "నమస్కారం, బాగున్నారా"

ఫైలు మొత్తం చదవాలంటే:

ఈస్పీక్-ఎన్‌జీ -వీ టీఈ -ఎఫ్ పాఠం.టీఎక్స్‌టీ

గొంతు మరీ రోబోలా ఉంది. ఇది తెలుగేనా?

తెలుగే. ఇందులో మనిషి రికార్డు చేసిన గొంతు అచ్చులకు దాదాపు లేదు. నోటిలో శబ్దం ఏ పౌనఃపున్యాల దగ్గర ప్రతిధ్వనిస్తుందో లెక్కగట్టి ఆ ధ్వనిని అప్పటికప్పుడు పుట్టిస్తుంది. అందుకే ప్రోగ్రాం అంత చిన్నది, గొంతు అంత పొడిగా ఉంటుంది.

కానీ ఒక్కరోజు విని తీసేయకండి. చూపు లేని చాలామంది ఈ గొంతునే ఇష్టపడతారు, దానికి కారణం ఉంది. వేగం రెండింతలు చేసినా అక్షరం అక్షరానికి అతుక్కోదు. తీపిగా పలికే గొంతులు ఆ వేగంలో ముద్దగా వినిపిస్తాయి. విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో పాటు ఇదే వస్తుంది. వినసొంపు వేరు, స్పష్టత వేరు. చదువు కోసం వింటున్నప్పుడు రెండోదానికే నా ఓటు.

వేగం, స్థాయి ఎలా మార్చాలి?

వేగానికి ‘-ఎస్’, దాని తర్వాత అంకె. మామూలుగా అది 175 ఉంటుంది, అంటే నిమిషానికి అన్ని మాటలని లెక్క. తెలుగు మాటలు ఒకదానికొకటి అతుక్కుని పొడవవుతాయి కాబట్టి ఆ లెక్కను పట్టుకోకండి. కొత్తగా వినేవాళ్లు 120 దగ్గర మొదలుపెట్టి, చెవి అలవాటు పడేకొద్దీ వారానికి కొంచెం పెంచుకోవాలి. గొంతు స్థాయికి ‘-పీ’, సున్నా నుంచి 99 దాకా, మామూలుగా 50. మాటకూ మాటకూ మధ్య ఎడం పెంచాలంటే ‘-జీ’, ఒక్కో అంకెకు పది మిల్లీసెకన్లు. పెద్దవాళ్లకు వినిపించేటప్పుడు వేగం మరీ తగ్గించేకన్నా ఈ ఎడం కొంచెం పెంచితే మేలు. వేగం బాగా తగ్గిస్తే అచ్చులు సాగి మాట చెడుతుంది.

ఆడియో ఫైలుగా ఎలా దాచుకోవాలి?

‘-డబ్ల్యూ’ తర్వాత ఫైలు పేరు ఇవ్వండి:

ఈస్పీక్-ఎన్‌జీ -వీ టీఈ -ఎస్ 130 -ఎఫ్ పాఠం.టీఎక్స్‌టీ -డబ్ల్యూ పాఠం.వేవ్

వేవ్ ఫైలు పొడిగింపు డబ్ల్యూ, ఏ, వీ అని టైప్ చేయాలి. ఇది సెకనుకు 22,050 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు. లెక్క వేస్తే నిమిషానికి సుమారు 2.6 ఎంబీ, గంటకు దాదాపు 159 ఎంబీ. ఇది వాట్సాప్‌లో తేలిగ్గా పంపే సైజు కాదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాంతో 48 కేబీపీఎస్ ఎంపీ3గా మారిస్తే గంట ఆడియో 22 ఎంబీ లోపు సరిపోతుంది. మాటకు ఆ నాణ్యత చాలు, సంగీతానికైతే చాలదు.

ఇంకాస్త మనిషి గొంతులా, ఇంటర్నెట్ లేకుండా కావాలి. ఏముంది?

పైపర్ చూడండి. మనుషుల రికార్డింగుల నుంచి నేర్చుకునే నాడీజాల నమూనాతో పనిచేస్తుంది గానీ మామూలు ల్యాప్‌టాప్‌లో, చిన్న రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీద కూడా నడుస్తుంది, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కంప్యూటర్‌లో ఉంటే ‘పిప్ ఇన్‌స్టాల్ పైపర్-టీటీఎస్’ అని పెట్టుకోవచ్చు. తెలుగుకు మాయ, పద్మావతి, వెంకటేష్ అనే పేర్లతో గొంతులున్నాయి. ఒక్కో గొంతుకు రెండు ఫైళ్లు ఉంటాయి: ఓఎన్ఎన్ఎక్స్‌తో ముగిసే పెద్దది, అదే పేరుకు చివర జేసన్ చేరిన చిన్నది. రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. ‘గొంతు దింపుకున్నాను, పలకడం లేదు’ అని ఎవరైనా అంటే ముందు ఆ చిన్న ఫైలు ఉందేమో చూడండి.

పైపర్ కూడా రాతను ధ్వనులుగా విడగొట్టడానికి ఈస్పీక్ ఎన్‌జీ నియమాల మీదే ఆధారపడుతుంది. అందుకని ఈస్పీక్ తప్పు పలికే మాటను పైపర్ తీయటి గొంతుతో అదే తప్పుగా పలకొచ్చు. గొంతు మార్చినంత మాత్రాన ఉచ్చారణ బాగుపడదని గుర్తుంచుకోండి.

ఆన్‌లైన్ గొంతులు చాలా బాగుంటాయంటారు కదా?

బాగుంటాయి. మైక్రోసాఫ్ట్ తెలుగు గొంతులు శ్రుతి, మోహన్ వినడానికి హాయిగా ఉంటాయి. ఎడ్జ్-టీటీఎస్ అనే పైథాన్ ప్యాకేజీతో వాటిని కమాండ్ లైన్ నుంచి పిలవొచ్చు. జీటీటీఎస్ అనే మరో ప్యాకేజీ గూగుల్ ట్రాన్స్‌లేట్ గొంతును వాడుతుంది.

అయితే మీరిచ్చిన ప్రతి అక్షరం మీ కంప్యూటర్ దాటి ఆ కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. కథల పుస్తకానికి అభ్యంతరం లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్, ఆసుపత్రి రిపోర్టు, ఆఫీసు ఉత్తరం, ఆధార్ నంబరున్న కాగితం అలా పంపొద్దు. చూపు లేని మనిషి తన సొంత ఉత్తరాన్ని ఇంకొకరికి చూపించకుండా వినగలగాలి, అది ఆ మనిషి హక్కు. అలాంటి వాటికి ఈస్పీక్, పైపర్ మాత్రమే వాడండి. పైగా ఈ రెండు ప్యాకేజీలూ ఆ కంపెనీలు అధికారికంగా విడుదల చేసినవి కావు. అవతలి సేవలో మార్పు వస్తే ఒకరోజు పనిచేయడం మానేస్తాయి.

విండోస్‌లో ఎలా?

ఈస్పీక్ ఎన్‌జీకి విండోస్ ఇన్‌స్టాలర్ ఉంది. పవర్‌షెల్‌లో విండోస్ సొంత గొంతులనూ సిస్టమ్ డాట్ స్పీచ్ అనే భాగం ద్వారా పలికించొచ్చు గానీ, అది సిస్టమ్‌లో అప్పటికే ఉన్న గొంతులతోనే పలుకుతుంది. తెలుగు గొంతు లేకపోతే తెలుగు రాత దగ్గర మౌనంగా ఉండిపోతుంది.

ఎక్కువమంది పడే ఇబ్బంది ఇంకొకటి. పాత పవర్‌షెల్‌లో తెలుగు వాక్యాన్ని నేరుగా కమాండ్‌లో టైప్ చేస్తే అది ప్రశ్నార్థకాల వరుసగా మారి ప్రోగ్రాంకు చేరుతుంది. గొంతు తప్పు కాదది, అక్షరాల కోడ్ తప్పు. వాక్యాన్ని నోట్‌ప్యాడ్‌లో రాసి, యూటీఎఫ్-8గా సేవ్ చేసి, ‘-ఎఫ్’తో ఫైలు పేరు ఇవ్వండి.

మ్యాక్‌లో, ఆండ్రాయిడ్‌లో?

మ్యాక్‌లో ‘సే’ అనే కమాండ్ ముందే ఉంటుంది. ‘సే -వీ’ తర్వాత కొటేషన్ల మధ్య ప్రశ్నార్థకం ఇస్తే గొంతుల జాబితా వస్తుంది. అందులో టీఈ, అండర్‌స్కోర్, ఐఎన్ అని ఉన్నది తెలుగు. కనిపించకపోతే సిస్టమ్ సెట్టింగుల్లో గొంతుల విభాగంలో వెతికి దింపుకోవాలి. ఆండ్రాయిడ్‌లో కమాండ్ లైన్ ఇచ్చే టెర్మక్స్ యాప్, దాని ఏపీఐ యాప్ పెట్టుకుంటే ‘టెర్మక్స్-టీటీఎస్-స్పీక్ -ఎల్ టీఈ’ అన్న కమాండ్ ఫోన్ గొంతుతోనే చదువుతుంది.

పీడీఎఫ్ ఇస్తే ఏదో అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు చదువుతోంది.

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, ఎక్కువ శ్రమ పెట్టేదీ ఇదే. తెలుగు పుస్తకాలు, ప్రశ్నపత్రాలు, కరపత్రాలు ఎన్నో ఏళ్లపాటు అను వంటి పాత ఫాంట్లతో డీటీపీ చేశారు. ఇప్పటికీ చేస్తున్నారు. ఆ ఫైల్లో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు. ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు ఉంటాయి, ఫాంట్ వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది. కంటికి తెలుగు, కంప్యూటర్‌కు గందరగోళం. గొంతు చదివేది కోడ్‌నే కాబట్టి మనకు వినిపించేది ఆ గందరగోళమే.

పరీక్షించడం తేలిక. పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో పేస్ట్ చేయండి. తెలుగు కనిపిస్తే అది యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి), ‘పీడీఎఫ్‌టుటెక్స్ట్’ కమాండ్‌తో రాత తీసి చదివించుకోవచ్చు. పిచ్చి గుర్తులు వస్తే పాత ఫాంట్. అప్పుడు రెండు దారులు. ఆ ఫాంట్ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ దొరికితే అది మొదటిది. దొరకకపోతే ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి రాతగా మార్చడం: పేజీలను 300 డీపీఐ బొమ్మలుగా మార్చి, టెసరాక్ట్ ప్రోగ్రాంకు ‘-ఎల్ టీఈఎల్’ అని చెప్పి చదివించాలి. ఇక్కడ తెలుగు కోడ్‌కు మూడు అక్షరాలు, తెలుగు డేటా ప్యాకేజీ విడిగా పెట్టుకోవాలి.

ఓసీఆర్ అయ్యాక ఒక మనిషి చదివి తీరాలి. ఒత్తులు, థ–ధ, ప–ష వంటి జంటలు తారుమారవుతుంటాయి. పరీక్ష పాఠంలో అంకె తప్పు పడితే వినే విద్యార్థికి అది తప్పని తెలిసే దారే లేదు. కంటితో చదివేవాళ్లు అనుమానం వస్తే పక్క పేజీ చూస్తారు. వినేవాళ్లకు మనం ఇచ్చిందే పాఠం.

పుస్తకాలు వేసే ప్రచురణకర్తలు, ప్రశ్నపత్రాలు తయారుచేసే ఆఫీసులు యూనికోడ్‌లో టైప్ చేయిస్తే ఈ శ్రమలో చాలా భాగం ఉండదు. మీకు డీటీపీ సెంటర్‌తో పని పడ్డప్పుడల్లా యూనికోడ్ ఫైలు అడగండి.

అంకెలు, తేదీలు వింతగా చదువుతోంది.

చదివే ప్రోగ్రాం, అంటే ఇంజన్, ఏదైనా ఇక్కడ తడబడుతుంది, రాతను మనమే సిద్ధం చేయాలి. 1948ని ‘వెయ్యి తొమ్మిది వందల నలభై ఎనిమిది’ అని చదివితే తప్పు కాదు గానీ, సంవత్సరాన్ని మనం ‘పంతొమ్మిది వందల నలభై ఎనిమిది’ అంటాం. తెలంగాణ చరిత్ర పాఠం నిండా ఇలాంటి సంవత్సరాలే. ఫోన్ నంబరును కోట్లు, లక్షలుగా చదివితే ఎవరికీ పనికిరాదు, అంకెల మధ్య స్పేస్ పెట్టండి. 1,25,000 వంటి వాటిలో కామాల దగ్గర ఆగి ముక్కలుగా చదువుతుంటే కామాలు తీసేయండి.

తర్వాత పొడి అక్షరాలు. ‘కి.మీ.’, ‘డా.’, ‘క్రీ.శ.’, ‘రూ.’ అన్నవాటిలో ప్రతి చుక్కనూ వాక్యం చివర అనుకుని ఆగే ప్రమాదం ఉంది. ‘జి.హెచ్.ఎం.సి.’ అని ఉంటే ‘జీహెచ్ఎంసీ’ అని మార్చండి. ఇవన్నీ చేత్తో చేయనక్కర్లేదు. సెడ్ అనే పాత కమాండ్‌కు ‘ఇది కనిపిస్తే అది పెట్టు’ అన్న వరుసలున్న ఒక ఫైలు ఇస్తే పుస్తకమంతా మారుస్తుంది. ఆ ఫైలును భద్రంగా దాచుకోండి, ప్రతి పుస్తకంతో అది పెరుగుతుంది. నా దృష్టిలో మంచి గొంతు వెతకడానికి పెట్టే సమయంలో సగం ఈ ఫైలు మీద పెడితే వినేవాళ్లకు ఎక్కువ మేలు.

పద్యాలకు ఇంకో జాగ్రత్త. పాదం చివర గుర్తేమీ లేకపోతే రెండు పాదాలు కలిపేసి చదువుతుంది. ప్రతి పాదం చివర కామా, పద్యం చివర చుక్క పెట్టండి.

‘చుక్క’, ‘జల్లెడ’ లాంటి మాటలు మనలా పలకడం లేదెందుకు?

మన రాత చాలావరకు పలికినట్టే ఉంటుంది గానీ పూర్తిగా కాదు. చుక్కలో, చాపలో చకారం పళ్లకు నాలుక తగిలి వస్తుంది. చిలకలో అలా కాదు. రాసేది ఒకే చ. జల్లెడలో జకారమూ అంతే. ‘వచ్చాడు’ అని రాస్తాం, చివరి ముందు అచ్చును ఆ–ఏ లకు నడుమ పలుకుతాం. నియమాల ఇంజన్ రాసిందాన్ని రాసినట్టే పలుకుతుంది. మనుషుల రికార్డింగుల నుంచి నేర్చుకున్న గొంతులు ఇలాంటివి కొంత పట్టుకుంటాయి.

గచ్చిబౌలిలోని ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్ ఈ పనిలో పాతకాపు. తెలుగుతో సహా 7 భారతీయ భాషల్లో, ఒక్కో భాషకు 1,000 వాక్యాల చొప్పున రికార్డు చేసిన ధ్వని సంపుటాన్ని అక్కడి పరిశోధకులు 2012లో అందరికీ విడుదల చేశారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన ఫ్లైట్ అనే చిన్న ఇంజన్‌కూ తెలుగు గొంతులు ఉన్నాయి.

తెలుగు మధ్యలో ఇంగ్లీషు, ఉర్దూ వస్తే?

రోమన్ లిపిలో ఉన్న ఇంగ్లీషు మాటలను ఈస్పీక్ ఇంగ్లీషు నియమాలతోనే చదువుతుంది, అర్థమవుతుంది. ఉర్దూ వాక్యాలు అరబిక్ లిపిలో ఉంటే ఆ భాగాన్ని విడి ఫైలు చేసి ‘-వీ యూఆర్’తో చదివించి ఆడియోలు కలపడం మేలు. హిందీ గొంతుతో తెలుగు చదివించే ప్రయత్నం మాత్రం వద్దు. హిందీలో మాట చివరి అకారం రాలిపోతుంది, మనం దాన్ని పూర్తిగా పలుకుతాం.

పని పూర్తవగానే చెప్పించడం ఎలా?

మీ కమాండ్ తర్వాత సెమికోలన్ పెట్టి, ఈస్పీక్ కమాండ్ రాయండి. మొదటిది ముగియగానే రెండోది పలుకుతుంది. సెమికోలన్ బదులు రెండు యాండ్ గుర్తులు పెడితే మొదటిది విజయవంతమైతేనే పలుకుతుంది.

ఆఫీసు సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే దూరం నుంచి కమాండ్లిచ్చే దారిలో, వెళ్లి ఈ కమాండ్ ఇస్తే శబ్దం రాలేదంటారు. వస్తుంది, కాకపోతే ఆ సర్వర్ దగ్గర. మీ దగ్గర వినాలంటే అక్కడ ‘--ఎస్‌టీడీఅవుట్’ ఆప్షన్ ఇచ్చి, వచ్చిన ధ్వనిని పైప్ గుర్తుతో మీ కంప్యూటర్‌లో ధ్వని వినిపించే ‘ఏప్లే’ కమాండ్‌కి మళ్లించండి. చెప్పిన వేళకు కమాండ్ నడిపే క్రాన్‌తో గంటగంటకూ పలికించేటప్పుడు మౌనంగా ఉంటే, క్రాన్‌కు మీ లాగిన్ ఆడియో సెషన్ తెలియకపోవడం సాధారణ కారణం. క్రాన్ వరుసలో ఎక్స్‌డీజీ రన్‌టైమ్ డైరెక్టరీ విలువ ఇస్తే చాలాసార్లు సరిపోతుంది.

చేసిన ఆడియోను పదిమందికి పంచవచ్చా?

మూడు విషయాలు చూడాలి: పుస్తకం హక్కులు, గొంతు లైసెన్సు, ఎవరికి ఇస్తున్నారు. 2012లో సవరించిన మన కాపీరైట్ చట్టం, వైకల్యం ఉన్నవాళ్ల కోసం పుస్తకాన్ని వాళ్లు అందుకోగల రూపంలోకి మార్చడానికి వీలు కల్పించింది. లాభం కోసం కాకూడదు, మామూలు జనంలోకి వెళ్లకుండా చూసుకోవాలి. అంటే చూపు లేని విద్యార్థికి ఇవ్వడం ఒకటి, అదే ఆడియోను యూట్యూబ్‌లో పెట్టడం ఇంకొకటి. గొంతుల్లోనూ తేడాలున్నాయి. మెటా 2023లో విడుదల చేసిన ఎంఎంఎస్ అనే గొంతు నమూనాల్లో తెలుగు ఉంది గానీ వ్యాపారానికి వాడకూడదని లైసెన్సులోనే ఉంది. పైపర్‌లో ఒక్కో గొంతుకు దాని షరతులు ఉంటాయి, దించుకునేటప్పుడే చదవండి.

ఒక మాట ఎప్పుడూ తప్పే పలుకుతోంది. నేను సరిచేయగలనా?

చేయగలరు. ప్రోగ్రామింగ్ రాకపోయినా, తెలుగు చెవి ఉంటే చాలు. ఈస్పీక్ ఎన్‌జీ మూలంలో తెలుగుకు రెండు ఫైళ్లున్నాయి: అక్షరం నుంచి ధ్వనికి వెళ్లే నియమాలది ఒకటి, నియమానికి లొంగని మాటల జాబితా ఇంకొకటి. ముందు ‘-ఎక్స్’ ఆప్షన్ ఇచ్చి ఆ మాటను ఏ ధ్వనులుగా విడగొడుతోందో చూడండి. అది తెర మీద రాసి చూపిస్తుంది. తర్వాత జాబితా ఫైల్లో ఆ మాటా, సరైన ధ్వనులూ ఒక వరుసలో చేర్చి, ‘--కంపైల్’కు టీఈ ఇచ్చి మళ్లీ తయారుచేసుకుని వినండి. బాగుందనిపిస్తే ప్రోగ్రాంల మూలాన్ని అందరూ కలిసి దిద్దే గిట్‌హబ్ సైటులో ఆ ప్రాజెక్టుకు పంపండి. వాళ్లు చేర్చుకుంటే తర్వాతి విడుదలతో ఎన్‌వీడీఏ, పైపర్ వాడే తెలుగువాళ్లకూ ఆ సవరణ అందే వీలుంటుంది. ఊళ్ల పేర్లతో మొదలుపెట్టండి. మీ జిల్లాలో ఊరి పేరు ఎలా పలుకుతారో మీకు తెలిసినంత బాగా ఆ ప్రాజెక్టు నడిపేవాళ్లకు తెలిసే అవకాశం లేదు.